దీపం పెట్టని చలివెలుగమ్మ

పలుగుకొండ ఎక్కే భక్తులకు మొదటి మాట: చలివెలుగమ్మ గుహలోకి దీపం, అగ్గిపెట్టె, సెల్‌ఫోను తీసుకుపోరాదు. అమ్మవారికి ముఖం లేదు, కిరీటం లేదు. నిలువెత్తు తెల్లని పలుగుబండే మూర్తి. చీకట్లో కాసేపు కూర్చుని, పలుగురాయితో ఆ బండను రుద్దితేనే దర్శనం. చెయ్యి ఆగితే వెలుగూ ఆగుతుంది. కునుకు తీసేవారికి కనిపించే తల్లి కాదు.

పూర్వం ఇక్కడ ఓబులక్క అనే ఒడ్డెర స్త్రీ ఉండేది. అరిగి నునుపెక్కిన తిరగళ్ళను ఉలితో కక్కు కొట్టి, మళ్ళీ గరుకు చేసి బతికేది. చేతులు ఊరుకోని మనిషి. ఒక మిట్టమధ్యాహ్నం ఎండకు తాళలేక గుహలో చేరి, ఊరికే ఉండలేక చేతికందిన రాయితో బండను రుద్దింది. బండ లోపల పసుప్పచ్చని వెలుగు కదిలింది. తాకి చూస్తే చల్లగా ఉంది. మిణుగురైతే దాని పొట్టలోని రసం వెలుగుతుంది. వానాకాలపు అడవిలో కుళ్ళిన మానైతే దాన్ని తినే బూజు వెలుగుతుంది. ఇక్కడ పురుగూ లేదు, తడీ లేదు. రాయికి రాయి ఒరుసుకుంటే చాలు. ఆనాటి నుంచి ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు. రోజూ పోయి రుద్దేది.

ఆ ఏడు ఊళ్ళో పశువులు వరసగా చచ్చాయి. గొడ్డు పడ్డప్పుడల్లా ఒక ఆడదాని మీద పడటం ఊళ్ళకు అలవాటే. గుహలో వెలుగు చూసినవాళ్ళు, ఓబులక్క అక్కడ కొరివిదయ్యాన్ని సాకుతోందన్నారు. బాలింత కూతుర్ని తీసుకుని పొద్దుగూకేలోగా ఊరు దాటాలని ఊరిపెద్ద వెంగళయ్య తీర్పు చెప్పాడు. పచ్చి బాలింత ఆ ఎండలో పక్క ఊరికి రెండామడలు నడిస్తే బతకదని ఓబులక్కకు తెలుసు. ముందు దయ్యాన్ని చూసి, ఆ తర్వాత తరమమంది.

పదిమందీ కాగడాలతో గుహలోకి వచ్చారు. ఏమీ కనిపించలేదు.

"ఏదే నీ దయ్యం? మమ్మల్ని చూసి సిగ్గుపడిందా?" అన్నాడు వెంగళయ్య. అందరూ నవ్వారు.

"కాగడా వెలుతుర్లో మిణుగురు కనపడుతుందా దొరా? ఆర్పించండి."

ఆర్పారు. దగ్గులు, కాళ్ళ కదలికలు, ఎవరిదో గొణుగుడు. బయట పొద్దు వాలుతోందని ఓబులక్కకు తెలుసు. అయినా కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా ఆగింది. ఆగి, రాయిని తడుముకుంటూ వెంగళయ్య చేతిలోనే పెట్టింది. రుద్దాడు. ఆయన వేళ్ళ కింద బండ వెలిగింది.

"దొర చేతిలోనూ వెలిగింది," అంది ఓబులక్క. "మరి ఊరు దాటేది నేనొక్కదాన్నేనా, తమరూ వస్తారా?"

వెంగళయ్య రాయిని కింద పెట్టేశాడు. తీర్పు ఆ చీకట్లోనే రాలిపోయింది.

ఒరిపిడికి పలుగురాతి లోపలి కట్టు సడలి, వేడి లేని వెలుగు చిమ్ముతుందని చదువుకున్నవారు చెబుతారు. చెప్పనివ్వండి, కారణం తెలిసినంత మాత్రాన తల్లి చిన్నబోదు. మాట పడి వచ్చిన ఆడపడుచే నేటికీ ముందుగా రాయి అందుకుంటుంది. ఆమె మీది నింద ఏడాది తిరక్కుండా తొలగిపోతుందని నమ్మకం. ఏటా జాతరనాడు వెంగళయ్య వంశంవారు గుహ వాకిట నిలబడి, వచ్చినవారి దీపాలన్నీ తమ చేత్తో ఆర్పుతారు. అందరి దర్శనమూ అయ్యాకే వాళ్ళు లోపలికి వస్తారు.