వంకర తిరిగిన కుండ గీత

ఉదయం ఆరూ ఇరవైకి తవిటినాయుడు పెరట్లో కూర్చుని కుండలో మొదటి చెంబు నీళ్ళు పోశాడు. తమ్ముడు సింహాద్రి చీపురుపుల్ల ముంచి తడి ఎంతవరకూ వచ్చిందో చూశాడు. లోకంలో ఉన్న తెలివిలో సగం తమ ఇంట్లోనే ఉందని అన్నదమ్ములిద్దరికీ గట్టి నమ్మకం. మిగతా సగం ఎవరి దగ్గరుందో వాళ్ళింకా కనిపెట్టలేదు.

ఆ రోజు పని నాయుడి కూతురు ఈశ్వరిది. ఎనిమిదో తరగతి. చెంబు చెంబుకీ మట్టం ఒకేలా పెరిగితే గ్రాఫు గీత తిన్నగా వస్తుందనీ, లేకపోతే వంగుతుందనీ జోగారావు మేష్టారు చెప్పారు. ఇంట్లోంచి ఒక తిన్నని గీత, ఒక వంకర గీత తెచ్చి తేడా చెప్పినవాళ్ళనే మండలం లెక్కల పోటీకి పంపుతారు. ఈశ్వరికి ఆ పోటీ తప్ప వేరే ధ్యాస లేదు.

ఈశ్వరి గీసిన కుండ గీత అడుగున నిక్కి, మధ్యలో వాలి, మెడ దగ్గర మళ్ళీ లేచింది.

"మన ఇంటి గీత వంకరా? పరువేం కావాలి?" అన్నాడు నాయుడు.

"నీళ్ళు పొట్ట దగ్గర కూర్చుండిపోతున్నాయన్నయ్యా."

"అయితే పొట్ట తగ్గించు!"

అంతే. సింహాద్రి మోకు తెచ్చి కుండ నడుముకి చుట్టి, కాలు తన్నిపెట్టి బిగించాడు. ఇంకేముంది, కుండ పెంకులైంది.

"పోనీ, కాగితాన్నే సరిచేద్దాం" అని నాయుడు గ్రాఫు మీద ఇస్త్రీ పెట్టె పెట్టి, గీత తిన్నగా అయ్యేదాకా తీయకూడదని కూర్చున్నాడు. గీతతోపాటు కాగితమూ పోయింది.

తర్వాత నిలువు డ్రమ్ములో పోస్తే గీత తాడు లాగినట్టు తిన్నగా వచ్చింది. అన్నదమ్ములు కావలించుకున్నారు. ఈశ్వరి మాత్రం ఏడుపు లంకించుకుంది.

"వంకరదీ కావాలి నాన్నా! దాన్నే కాల్చేశావు!"

"ఓస్, ముందే చెప్పొద్దూ?" అని నాయుడు డ్రమ్ము గ్రాఫుని మధ్యకి మడిచి ఇచ్చాడు. "ఇదిగో, వంగింది."

ఈశ్వరి కళ్ళు తుడుచుకుంటూ చేతిలో చెంబుకేసి చూసింది. దానికీ పొట్ట ఉంది! టీ గ్లాసుతో చెంబు నింపుతూ కొలిచింది. చక్కటి వంకర గీత వచ్చింది. మడత కాగితాన్ని సాపు చేసుకుని, రెండూ పట్టుకుని బడికి పరుగెత్తింది.

సాయంత్రం మేష్టారే ఇంటికొచ్చి, పోటీకి ఈశ్వరి పేరే రాశానని చెప్పారు.

"ఆ తిన్నని గీత ఎందాకా పోతుంది మేష్టారూ?" అడిగాడు సింహాద్రి.

"దానికి అంతేముంది! అలా పైకి పోతూనే ఉంటుంది."

"మరి మా అమ్మాయి కాగితం అంచున ఆపేసిందే!" అన్నాడు సింహాద్రి కంగారుగా. గీత ఎటు పోతోందో చూసుకుని, సున్నం బకెట్టూ కుంచే పట్టుకుని దాన్ని పొడిగిస్తూ బయల్దేరాడు.

నాలుగు రోజుల తర్వాత బస్సు కండక్టరు చెప్పగా తెలిసింది. సింహాద్రి పక్క మండలంలో కొండ కొన మీద నిలబడి, పైకి అందడం లేదని కేకలేస్తున్నాడట. నిచ్చెన మోసుకుంటూ తవిటినాయుడు అప్పటికే సగం కొండ ఎక్కాడట.