రెండో అద్దం

గురువుగారి దగ్గు తగ్గడం లేదు. అదే సూరన్న దిగులు.

పుష్యమాసంలో చింతపల్లి కొండల మీద చలి మామూలుగా ఉండదు. పైగా ఆశ్రమం ఒకప్పటి కాఫీతోట బంగళా, కిటికీలన్నిటికీ ఒంటి అద్దాలు. సందుల్లో ఎన్ని గుడ్డలు కుక్కినా చలి దర్జాగా లోపలికొచ్చేది.

సూరన్న పూర్వాశ్రమంలో అనకాపల్లిలో అద్దాలు బిగించేవాడు. ఉన్న అద్దానికి లోపలివైపు వేలెడు ఖాళీ వదిలి ఇంకో అద్దం బిగిస్తే, మధ్యన ఉన్న గాలే చలిని ఆపుతుందని అతనికి తెలుసు. వారం తిరిగేసరికి గదులన్నీ వెచ్చబడ్డాయి. వంటాయన అప్పలకొండయితే పొయ్యి వదిలేసి కిటికీ దగ్గర చేరాడు.

గురువుగారి గది మాత్రం మిగిలిపోయింది. "నాకెందుకులే నాయనా" అని ఆయన రోజూ దాటేసేవారు.

ఆయన పొద్దస్తమానం ఆ కిటికీ పక్కనే కూర్చుని దారికేసి చూసేవారు. ఎవరికోసమో అందరికీ తెలుసు. ఆరేళ్ల కిందట ఓ మాట పడి, అలిగి వెళ్లిపోయిన శిష్యుడు పైడయ్య కోసం. పన్నెండేళ్లుగా కళ్లెదుటే తిరుగుతున్న తనకేసి ఆయన ఒక్కసారైనా అలా చూస్తారా అని సూరన్న మనసు కొట్టుకునేది.

ఆ ఉదయం గురువుగారు పెరట్లో ఎండకు కూర్చున్నప్పుడు సూరన్న గబగబా ఆ కిటికీకీ రెండో అద్దం బిగించేశాడు.

ఆయన వచ్చి అద్దం మీద చెయ్యివేసి చూశారు. కోప్పడలేదు.

"పనోడివే. గేటుకాడికెల్లి నన్నోపాలి పిలు."

సూరన్న వెళ్లి "గురువుగారూ!" అని పిలిచాడు. లోపల ఆయన కళ్లు మూసుకుని కూర్చునే ఉన్నారు. గొంతు పెంచి మళ్లీ పిలిచాడు. మూడోసారి కేకే పెట్టాడు. అప్పటికి గానీ ఆయన తలెత్తలేదు.

లోపలికి రాగానే గురువుగారు అడిగారు.

"ఎన్నిసార్లు పిలిసినావు?"

"మూడుసార్లండి."

"నా కన్నంటుకున్నప్పుడొస్తే పైడయ్య అన్నిసార్లు పిలవడు నాయనా. పిలిస్తే ఒక్కసారే. పలక్కపోతే ఎల్లిపోతాడు."

సూరన్నకు దుఃఖం ముంచుకొచ్చింది. పన్నెండేళ్లుగా దాచుకున్నది నోరు జారింది.

"నాకోసం ఎప్పుడైనా ఇలా చూశారా గురువుగారూ?"

ఆయన అతన్ని ఎగాదిగా చూశారు.

"తమ్ముడి పెళ్లికని ఎల్లి నెల్లాళ్లు రానేదు నువ్వు, గుర్తుందా?"

"ఉందండి."

"ఆ నెల్లాళ్లూ ఈ కిటికీ మూసుకోనేదు నేను."

సూరన్న కళ్లు తుడుచుకుని, అద్దానికి బిగించిన స్క్రూలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.