కోర్టు మెట్ల కింద సాక్షి

"వాళ్లకి మాట్లాడటం రాదయ్యా. వాళ్ల తరఫున మనం మాట్లాడితే తప్పేముంది?" అని అడిగాడు మునిరత్నం.

మునిరత్నం చిత్తూరు నుంచి వచ్చి, మద్రాసులో వకీలు నెల్లైనాయగం గారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మర్నాడు పాకీపనివాళ్ల సభ. దానికి తొమ్మిది పేజీల ఉపన్యాసం రాసుకున్నాడు. వేదిక మీద వాళ్లలో ఒక్కరికీ కుర్చీ వేయించలేదు.

నెల్లైనాయగం గారికి కోర్టులో తప్ప ఎక్కడా వాదించే అలవాటు లేదు. కళ్లు సగం మూసుకుని, సముద్రపు గాలికి కదిలే కిటికీ తెర వైపు తిరిగి, ఎప్పుడో కన్న కల చెబుతున్నట్టు మొదలుపెట్టారు. ఆయన దగ్గరే పనిచేసే నేనూ అక్కడే ఉన్నాను.

అప్పటికి ఆయన వకీలైన కొత్త. దక్షిణాన ఏటి ఒడ్డున ఒక చిన్న మున్సిఫ్ కోర్టు. ఊరవతల అంటరానివాళ్ల వాడలో ఉండే మాడత్తి అనే ముసలామె కొడుకు శవాన్ని శ్మశానానికి మోసుకుపోతుంటే ఊరి పెద్దకులాల వాళ్లు దారికి ముళ్లకంప అడ్డం వేశారు. రెండు రోజులు శవం పొలంగట్టు మీదే ఉంది. ఆ దారిలో నడిచే హక్కు తమకూ ఉందని వాడ జనం దావా వేశారు. మాడత్తి సాక్ష్యం నిలబడితే దారి దక్కుతుంది. లేదంటే ఆ వాడ నుంచి ఇంకే శవమూ అటు పోదు.

ఆ కోర్టులో వాడ జనం మెట్లెక్కకూడదు. వకీలు లోపల ప్రశ్న వేస్తే, బంట్రోతు గుమ్మంలోకి వచ్చి కిందికి అరవాలి. కింద వాళ్లు చెప్పింది లోపలికి మోసుకెళ్లాలి. దీన్ని ఆచారం అనేవాళ్లు. మనిషి నోటికీ న్యాయానికీ మధ్య బంట్రోతుని నిలబెట్టడం ఆచారమట! అంటరానితనం మీద అప్పటికే పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న మా వకీలుగారు కూడా, ఆ పొద్దున పంకా కింద నిలబడి ప్రశ్నలు వేస్తూనే ఉన్నారు.

వాన వచ్చింది. ఏటి మీదుగా తెల్లగా, చప్పుడు లేకుండా వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఏరు లేదు, చెట్లు లేవు. ఆ తెలుపులో ఎక్కడో మాడత్తి గొంతు ఒక్కటే లేచి పడుతోంది, నిద్రలో వినిపించే పాటలా. చాలాసేపు చెప్పింది. బంట్రోతు లోపలికొచ్చి, "తెలీదంటోంది దొరా" అన్నాడు.

"అంతసేపు చెప్పింది ఆ ఒక్క మాటేనా?" అన్నారు వకీలుగారు.

"ముసల్దాని ఏడుపంతా రాయిస్తారా సార్? కాగితాలు చాలవు."

నెల్లైనాయగం గారు మెట్లు దిగి, వానలో ఆమె పక్కన నిలబడి, అక్కణ్ణుంచే మళ్లీ ప్రశ్న అడిగారు. లోపల కలకలం. మున్సిఫ్ గారు కుర్చీ దిగి గుమ్మం దాకా వచ్చారు.

"ఏమిటండీ ఇది? తడిసిపోతున్నారు, లోపలికి రండి!"

"నా సాక్షి ఇక్కడుందండీ."

మున్సిఫ్ గారు అటూ ఇటూ చూశారు. "సరే, ఆమెనీ రమ్మనండి" అన్నారు చివరికి.

మాడత్తి వెంటనే కదల్లేదు. వకీలు మొహంలోకి చూసి మెల్లగా అంది: "పొద్దున్నుంచీ ఎండకి నిలబడ్డా, ఇప్పుడు వానకి నిలబడ్డా సామీ. ఎవరూ లేవలేదు. నువ్వు తడిశావని దొర కుర్చీ దిగాడు."

ఆ తర్వాత తనే మెట్లెక్కింది. గట్టు మీద రెండు రోజులు కొడుక్కి ఈగలు తోలుతూ కూర్చున్న సంగతి తన నోటితో చెప్పింది. గుమాస్తా అంతా రాసుకున్నాడు. కాగితాలు సరిపోయాయి. దారి దక్కింది.

మునిరత్నం కళ్లు మెరిశాయి. "మీరు వానలోకి దిగిన కథ మా చిత్తూరులో కూడా చెప్పుకుంటారయ్యా! నేను చిన్నప్పుడే విన్నాను."

"ఆమె పేరు విన్నావా?"

మునిరత్నం తల అడ్డంగా ఊపాడు.

"నేను తడిసింది అయిదు నిమిషాలు" అన్నారు నెల్లైనాయగం గారు. "ఊరూరా చెప్పుకునేది ఆ అయిదు నిమిషాల సంగతే."