జీలుగుగెడ్డ నీళ్ళు

మా గురువు పరదేశిగారికి ఒక అలవాటు ఉండేది. ఎంత దాహంగా ఉన్నా, చెంబు చేతికందగానే "ఎక్కడి నీళ్ళు?" అని అడక్కుండా తాగేవారు కాదు. "ఏటి నీళ్ళే స్వామీ" అనేవాణ్ణి. ఆయన ఓ క్షణం నా మొహంలోకి చూసి, అప్పుడు తాగేవారు. పదకొండేళ్ళు ఇదే తంతు.

ఆ నీళ్ళు మోసింది నేనే. అదేమీ సామాన్యమైన మోత కాదు. లోకంలో అందరూ కావిడికి రెండు బిందెలు కట్టుకుంటే నేను ఆరు కట్టేవాణ్ణి. ఏటిగట్టు ఎక్కి ఆశ్రమం చేరేసరికి ఒక్క చుక్క తొణికేది కాదు. "నాకెప్పుడూ రెండే కనిపిస్తాయేం సూరన్నా?" అని గురువుగారు ఒకసారి అడిగారు. మిగతా నాలుగూ దారిలో దాహమన్నవాళ్ళకి పోశానని చెప్పాను. చెట్లను వేళ్ళతో పెళ్ళగించుకొచ్చే వరదలో, నోట్లో చుట్ట ఆరకుండా ఆ ఏరు ఈదినవాణ్ణి నేను. ఇక నా నాలుక సంగతి వేరే చెప్పాలి. కొండల మీంచి దిగి మా ఏట్లో కలిసే గెడ్డలు మూడు. ఏ గెడ్డ నీళ్ళు తెచ్చి ఇచ్చినా పుక్కిట పట్టి, ఉమ్మి, అది ఏ కొండ మీద కురిసిన వానో చెప్పేవాణ్ణి.

ఇంతటివాణ్ణీ ఒక్కచోట చతికిలబడ్డాను. నా కూతురు పైడమ్మ తనకు నచ్చినవాణ్ణి చేసుకుని కొండమీది ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు దండం పెట్టుకుంటానని వస్తే నేను తలుపు తియ్యలేదు. "నాన్నా, ఒక్కసారి తియ్యి" అని మూడుసార్లు పిలిచింది. తరవాత మూడేళ్ళు మా మధ్య మాటల్లేవు. నాలుగో ఏడు వేసవిలో, దానికి ఆడపిల్ల పుట్టి ఏడు నెలలైందని సంతలో ఎవరో చెప్పారు.

మర్నాడు పొద్దున బిందెలు దించుతూ గురువుగారిని అడిగాను. "స్వామీ, తగవు పడ్డప్పుడు ముందు ఎవరు కదలాలి? అది చిన్నది కదా, అదే రావాలి కదా. నా పేరు చెబితే ఎద్దులు కూడా పక్కకి తప్పుకుంటాయే, అలాంటి నేను వెళ్ళి దాని గుమ్మంలో నిలబడితే ఏం బావుంటుంది?"

ఆయన చెంబు అందుకున్నారు. "ఎక్కడి నీళ్ళు?"

"ఏటి నీళ్ళే స్వామీ."

"వానలు వెళ్ళి ఆరు నెలలైంది. ఏట్లోకి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

ఈ ప్రశ్నకి జవాబు తెలిసినవాడు ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. గొంతు సవరించుకున్నాను. "ఎర్రగెడ్డదంతా హడావుడి స్వామీ. బోడికొండ మీద పడ్డ వాన పడ్డట్టే జారి, మర్నాటికి ఇక్కడుంటుంది. నెల తిరిగేసరికి ఆ గెడ్డలో మేకలు పడుకుంటాయి. రాళ్ళగెడ్డ చలికాలం దాకా ఈడుస్తుంది. నిలిచేది జీలుగుగెడ్డ ఒక్కటే. అక్కడ అడవి దట్టం. పడ్డ వానని రాలిన ఆకు పట్టి ఆపుతుంది, నేల తాగుతుంది, కొండ తన కడుపులో దాచుకుంటుంది. మనం వాన సంగతే మరిచిపోయాక, బొట్టుబొట్టుగా ఊరుతూ కిందికొస్తుంది. చప్పుడుండదు, నురగుండదు. శివరాత్రి దాటాక మన ఏట్లో కదిలే ప్రతి చుక్కా..."

అక్కడ నా నోరు ఆగిపోయింది. ఏ పంచాయితీలోనూ ఎవరూ ఆపలేకపోయిన నోరు అది.

"ఊఁ?" అన్నారు గురువుగారు.

"జీలుగుగెడ్డదే స్వామీ."

"ఆ గెడ్డ ఒడ్డున ఎవరైనా ఉంటారా?"

"మా పైడమ్మ బిందె ముంచేది అందులోనే."

ఆయన ఆ నీళ్ళు తాగలేదు. చెంబు తిరిగి నా చేతిలో పెట్టారు. పుక్కిట పట్టాను. కాస్త ఆకు వగరు, వెనకాలే సన్నటి తియ్యదనం. నాలుగు వేసవులుగా రోజూ తాగుతున్న నీళ్ళే. అలవాటు ప్రకారం ఉమ్మాలి. ఉమ్మలేకపోయాను. ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను: ఆ గుక్క గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

"అయితే అది రోజూ వస్తూనే ఉంది" అన్నాను.

 గురువుగారు లేచి వచ్చి నా భుజం మీది కావిడిబద్ద తీసి తన భుజాన పెట్టుకున్నారు. డెబ్బై దాటిన భుజం. బద్ద బరువుకే కొంచెం వంగింది.

"రేపట్నుంచి నా నీళ్ళు నేను తెచ్చుకుంటాలే" అన్నారు. "నీళ్ళకి ఇటు రావడమే చేతనవును సూరన్నా. అటు ఎక్కడం వాటివల్ల కాదు."