రెండో రాయి

ఓబులయ్య అయ్యవారిని ప్రశ్న అడిగి జవాబు పట్టుకెళ్లినవాళ్లు లేరు. ఎండలో తిప్పుతారు, ఏదో ఒక పని చేయిస్తారు, అంతే. బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనుల్లో పుట్టిన మనిషి. జీవితమంతా భూమి లోపలి అదురుల గురించి పాఠాలు చెప్పి, చివరికి మళ్లీ ఆ గనుల పక్కకే వచ్చి ఇల్లు కట్టుకున్నారు.

ఆయన శిష్యురాలు వకుళ ఒక మిట్టమధ్యాహ్నం నిద్రలేని కళ్లతో వచ్చింది. ఎక్కడో దూరాన వేరే గ్రహం చుట్టూ తిరిగే ఒక మంచు చందమామ మీదికి ఆమె బృందం రెండు ఇనుప శూలాలను పంపింది. మెల్లగా వాలే రకం కావవి. తుపాకి గుండులా వెళ్లి మంచులో దిగబడి, లోపలి చప్పుడు విని చెప్పేవి. మొదటిది దిగబడింది. ఆ దెబ్బ అదురంతా అణిగిపోయాక, అడుగునుంచి మూడు చప్పుళ్లు వచ్చాయి, ఒకే ఎడంతో. మళ్లీ ఏమీ లేదు. మంచు పగిలి ఉంటుందని తోటివాళ్లు కొట్టిపారేశారు. వకుళకు ముద్ద దిగడం లేదు. రెండో శూలం ఇంకా పైన తిరుగుతూనే ఉంది. సరిగ్గా అక్కడే దాన్ని దింపితే నిజం తేలుతుంది. దింపకపోతే ఆమె సగం జీవితం ధారపోసిన పని గంగలో కలిసినట్టే. రేపటితో గడువు. మాట ఆమే చెప్పాలి.

"దింపమంటారా, అయ్యవారూ?"

ఆయన చెప్పులు వేసుకుని బయల్దేరారు. దారిలో తమ గనుల ఆచారం ఒకటి చెప్పుకొచ్చారు. బండ పగలగొట్టే మందు తూటా పేల్చేముందు అంచున నిలబడి లోపలికి మూడుసార్లు కేక వేస్తారట. బదులు పలికితే వత్తి అంటించరట. వకుళ ఊకొట్టింది కానీ మనసు అక్కడ లేదు.

చేరింది ఒక పాడుబడ్డ గని అంచుకు. నిచ్చెన లేదు, దారి లేదు, చుట్టూ ముళ్లకంప అల్లుకుపోయింది. పట్టపగలే అడుగు కనిపించడం లేదు. అయ్యవారు ఒక రాయి ఇచ్చి వెయ్యమన్నారు. ఆమె వేసేసింది. దబ్బున చప్పుడైంది. కాసిని గులకరాళ్లు జారి ఆగాయి. ఇంతేనా అనుకుంటూ ఆమె వెనక్కి తిరగబోయింది.

కిందనుంచి, రాయి మీద రాయి కొట్టినట్టు, ఠక్. ఠక్. ఠక్.

తొందరలేని చప్పుడు. అదే ఎడం. చెవులకు యంత్రం తగిలించుకుని ఇన్నాళ్లూ పదేపదే తిప్పి విన్నది అదే. వకుళ గబుక్కున అంచుకు జరిగింది. వంగి, "ఎవరు?" అని కేకేసింది. ఆ కేక లోపలికి వెళ్లింది కానీ, ప్రతిధ్వని కూడా తిరిగి రాలేదు.

అయ్యవారు తొంగి చూడలేదు. ఇంకో రాయి ఏరి ఆమె అరచేతిలో పెట్టారు. ఎండకు వేడెక్కి ఉంది.

"లోపల ఎవరో ఉన్నారు, అయ్యవారూ," అంది వకుళ. బిగిసిన గుప్పిట విడిపోవడం లేదు.

"ఎవరూ లేరనుకుని వేశావు మొదటిది," అన్నారాయన. "రెండోది ఏమనుకుని వేస్తావమ్మా?"