నాంచారమ్మ నీళ్ళు, భ్రమరాంబ నీళ్ళు

అనగనగా అంటే మరీ పాతకాలం కాదు బంగారూ, గ్యాసుబండలు ఇంటింటికీ వస్తున్న రోజులే. ఏటిగట్టు పక్కన ఒక ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఒక్కతే ఉండేది. పసిపిల్లలకి నీళ్ళు పోయడం ఆవిడ పని.

ఆ వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా నాంచారమ్మ పెరట్లోకే తెచ్చేవారు. ఆవిడ పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, బిడ్డని కాళ్ళమీద పడుకోబెట్టుకునేది. ఒళ్ళంతా నూనె రాసి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చటి నీళ్ళు పోసేది. ఎంత గుక్కపట్టి ఏడ్చే పిల్లయినా ఆ చేతుల్లో పడితే కిమ్మనేది కాదు. సాంబ్రాణి పొగ వేసి తల్లికి అందించేసరికి నిద్రలో ఉండేది.

ఆ వీధిలో మొట్టమొదట గ్యాసుపొయ్యి తెచ్చుకున్నదీ నాంచారమ్మే. అంతకుముందు కట్టెలపొయ్యి ఊదీ ఊదీ కళ్ళు మండిపోయేవి. గ్యాసు వచ్చిన రోజు వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి చూశారు. నాంచారమ్మ ఊరికే వెలిగించి, ఊరికే ఆర్పి, మళ్ళీ వెలిగించి చూపించింది. అప్పుడెంత మురిసిపోయిందో!

ఆ తర్వాత కొన్నాళ్ళకి పక్కింట్లోకి భ్రమరాంబ అనే అమ్మాయి కొత్తగా కాపురానికొచ్చింది. ఆ అమ్మాయి సామానంతా కరెంటుదే. కూరకి కరెంటు పొయ్యి, అన్నానికి కరెంటు కుక్కరు, స్నానాలగదిలో గోడకి చిన్న గీజరు. మంట లేదు, మసి లేదు, బండ కోసం ఎదురుచూపుల్లేవు. కుళాయి తిప్పితే వేడినీళ్ళు!

అందరూ చూడ్డానికెళ్ళారు. నాంచారమ్మ మాత్రం వెళ్ళలేదు. పెరటిగోడ పక్కన నిలబడి చెవులు రిక్కించింది.

"అబ్బ, ఎంత హాయిగా ఉందే అమ్మాయ్ నీ వంటిల్లు!" అని ఎవరో అన్నారు. అంతే, నాంచారమ్మ కడుపులో భగ్గుమంది.

ఆ తర్వాత ఏమైందనుకున్నావు? ముందు మూలింటి కోడలు బిడ్డని తీసుకురావడం మానేసింది. ఆ తర్వాత కిళ్ళీకొట్టు ఆవిడ మనవడు రావడం మానేశాడు. ఇద్దరూ భ్రమరాంబ గీజరు దగ్గరికే వెళుతున్నారు. ఆ తర్వాత ఎదురింటి మల్లీశ్వరి కూడా తన నలభైరోజుల పిల్లని ఎత్తుకుని ఆ గుమ్మమే ఎక్కింది.

నాంచారమ్మకి అదే ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే మల్లీశ్వరి పుట్టినప్పుడు దానికి నీళ్ళుపోసి పెంచింది కూడా తనే.

"నీ దగ్గర నీళ్ళు కాగేదాకా కూర్చోవాలి కదత్తా. నాకు ఇంట్లో బోలెడు పని" అంది మల్లీశ్వరి. మామూలుగానే అంది. నాంచారమ్మకి మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు.

అయినా పొద్దున్నే లేచి, ఎవరైనా వస్తారేమోనని, పెద్ద సత్తు డేగిసా నిండా నీళ్ళు పెట్టి గ్యాసు వెలిగించేది. ఎవరూ వచ్చేవారు కాదు. నీళ్ళు కాగి కాగి చల్లారిపోయేవి. మర్నాడు మళ్ళీ పెట్టేది.

అప్పుడు నాంచారమ్మ మూడు పనులు చేసింది.

మొదట నోటికి పనిచెప్పింది. "కరెంటు నీళ్ళు పోస్తే పిల్లలకి ఒళ్ళు పేలిపోతుంది, కరెంటు అన్నం తింటే కడుపు పట్టేస్తుంది" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఎవరికీ ఒళ్ళు పేలలేదు, ఎవరికీ కడుపు పట్టలేదు. ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత తనూ ఒక కరెంటు పొయ్యి కొని తెచ్చింది. దాని మీద డేగిసా పెట్టి మీట నొక్కింది. అది కీక్ కీక్ మని అరిచి ఆరిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కీక్ కీక్! ఆ అరుపులు విని గోడ అవతల నుంచి భ్రమరాంబే వచ్చింది.

"పిన్నిగారూ, సత్తుగిన్నెలకి ఈ పొయ్యి పనిచెయ్యదండీ. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నె ఉండాలి. మా ఇంట్లోది ఒకటి ఇవ్వనా?" అంది.

"అడిగానా నిన్ను?" అని కసిరింది నాంచారమ్మ. ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల వెటకారంగా అని ఉంటే నాంచారమ్మకి కొంచెం బాగుండేది. మంచిగా అనేసరికి ఇంకా కుళ్ళుకుంది.

ఇక మూడోది చెబుతాను, దగ్గరికి జరుగు.

రెండిళ్ళకీ మధ్యనున్న సందులో, ఒకే గోడకి, ఇద్దరి కరెంటు మీటర్లూ పక్కపక్కనే ఉండేవి. వాటి కింద మెయిన్ స్విచ్చిలు. పుష్యమాసంలో ఒక పొద్దున, మంచు ఇంకా విడలేదు. గోడ అవతల మల్లీశ్వరి పిల్ల కేరింతలు, భ్రమరాంబ నవ్వు. నాంచారమ్మ సందులోకి వెళ్ళింది. అటూ ఇటూ చూసింది. భ్రమరాంబ ఇంటి మెయిన్ కిందికి లాగేసి, చప్పుడు కాకుండా ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

గీజరు చిన్నది కదా, కరెంటు ఉన్నంతసేపే వేడినీళ్ళు. పిల్ల ఒంటినిండా సబ్బు ఉండగానే కుళాయిలోంచి చన్నీళ్ళు జివ్వున పడ్డాయి. పిల్ల కెవ్వుమంది.

మరుక్షణం సందువైపున్న నాంచారమ్మ తలుపు దబదబా మోగింది.

"అత్తా, కరెంటు పోయిందత్తా! కాసిని వేడినీళ్ళియ్యి!" మల్లీశ్వరి తువ్వాల్లో చుట్టిన పిల్లని గుండెకి అదుముకుని సందులో నిలబడింది. వెనకే భ్రమరాంబ. పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి.

నాంచారమ్మకి ఒక్క క్షణం మనసులో ఎంత తియ్యగా ఉందో! చూశారా, చివరికి నా దగ్గరికే వచ్చారు అనుకుంది. పరుగున వెళ్ళి డేగిసా పొయ్యిమీద పెట్టి గ్యాసు తిప్పింది.

మంట రాలేదు. మళ్ళీ వెలిగించింది. నీలంగా ఒక్కసారి వణికి ఆరిపోయింది. ఆ తర్వాత బండని ఊపి చూసింది. తేలిగ్గా ఊగింది. రోజూ ఎవరూ రాని నీళ్ళు కాచీ కాచీ గ్యాసంతా అవగొట్టేసింది కదూ! కొత్త బండ ఎప్పుడొస్తుందో ఏమో. కరెంటు పొయ్యి ఉన్నా దానికి తగ్గ గిన్నె లేదు.

బయట పిల్ల ఏడుపు సన్నబడిపోతోంది. అంతకుముందు గట్టిగా ఏడ్చింది, ఇప్పుడు మూలుగుతోంది. ఎందరో బిడ్డల్ని చూసిన నాంచారమ్మకి తెలుసు, పిల్ల ఒళ్ళు చల్లబడిపోతోందని. 

మల్లీశ్వరి సరిగ్గా మీటర్ల కిందే నిలబడి ఉంది. వాళ్ళు చూడకుండా స్విచ్చి పైకెత్తే దారి లేదు. నాంచారమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి, చెయ్యెత్తి, మెయిన్ పైకి నెట్టింది. భ్రమరాంబ ఇంట్లో లైటు వెలిగింది.

చేసిందెవరో ఇద్దరికీ తెలిసిపోయింది.  మల్లీశ్వరి ఆవిడ ముఖంలోకి ఒక్కసారి చూసి, పిల్లతో లోపలికి పరిగెత్తింది.

పిల్లకేమీ కాలేదులే, భయపడకు. వేడినీళ్ళు పడేసరికి తేరుకుంది.

నాంచారమ్మ మాత్రం మూడు రోజులు గుమ్మం దాటలేదు. నాలుగోరోజు పొద్దున్నే భ్రమరాంబ వాకిట్లోకి వెళ్ళి నిలబడింది.

"తప్పు నాదే అమ్మాయ్. నీ ఇంటికి అందరూ వస్తుంటే చూడలేకపోయాను" అంది.

"కోపముంటే నన్ను తిట్టండి పిన్నిగారూ. పసిదాన్ని చలిలో ఏడిపిస్తారా?" అంది భ్రమరాంబ. ఆ పిల్ల కళ్ళల్లో ఇంకా కోపం ఉంది.

 నాంచారమ్మ తలొంచుకుని వెనక్కి తిరిగింది. అప్పుడు స్నానాలగదిలోంచి మల్లీశ్వరి పిల్ల గుక్కపట్టిన ఏడుపు వినిపించింది.

"ఆ చన్నీళ్ళు పడ్డప్పట్నుంచీ రోజూ ఇంతే" అంది భ్రమరాంబ వెనకనుంచి. "నీళ్ళు వస్తాయిగానీ, జారిపోకుండా పట్టుకోవడం మా ఇద్దరికీ చేతకావట్లేదు. రండి, మీరే పొయ్యండి. మల్లీశ్వరిని నేనడుగుతాను."

మల్లీశ్వరి వెంటనే ఒప్పుకోలేదు. పిల్లని తన ఒళ్ళోనే పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత నాంచారమ్మ జాపిన కాళ్ళమీద పడుకోబెట్టింది. పిల్ల ఊరుకుంది.

మరి నాంచారమ్మ కుళ్ళు పోయిందా అంటావా? ఎక్కడ పోతుందే! భ్రమరాంబ కుళాయి తిప్పగానే బకెట్లోకి పొగలు కక్కుతూ నీళ్ళు దూకేసరికి మళ్ళీ చురుక్కుమంది. చురుక్కుమన్నా మోచెయ్యి ముంచి చూసి, "కాస్త చన్నీళ్ళు తొలుపు అమ్మాయ్, పసిదానికి వేడెక్కువ" అంది. ఆ అమ్మాయి తొలిపింది.

కథేమో కంచి బండి ఎక్కింది,
కన్నేమో నిద్దర గడప తొక్కింది.