ఒంటె నేర్చుకున్న హాయి

మిరప కళ్లం పక్కన ఒక తాటాకుల పాక. అందులో గేదె పెద్దమ్మ, దాని దూడ, గుడ్లు పొదుగుతున్న చుక్కల కోడి కాపురం. ఎక్కడో ఎడారి దేశం నుంచి పిల్లల్ని వీపున మోస్తూ ఊరూరా తిరిగిన రేష్మి అనే ఒంటె, కాలు బెణికి అక్కడ ఆగిపోయింది. ఓ మూల చోటైతే ఇచ్చారు గానీ దాని మాట వీళ్లకు రాదు, వీళ్ల మాట దానికి రాదు. మాట కలవని చోట నీడ కూడా అరువు నీడే కదా.

కంచె పక్కన చొప్పకుప్ప దగ్గర నక్కబావ మకాం. మాంసం మానేశానని అందరి ముందూ ఒట్టేసి పాకలోకి రాకపోకలు సంపాదించాడు. అతివినయం ధూర్త లక్షణమని ఎవరికీ తట్టలేదు. ఒంటెకు భాష నేర్పే పని కూడా తనే నెత్తికెత్తుకున్నాడు.

"నీకు బోలెడు మాటలెందుకు మరదలా? ఎవరేం అడిగినా 'చాలా సంతోషం' అను. మర్యాదస్తురాలివంటారు."

రేష్మి అలాగే అనేది. గడ్డి వేస్తే చాలా సంతోషం, జోరీగ కుడితే చాలా సంతోషం. దూడ పడీపడీ నవ్వేది.

కానీ చెవులు ఒక్క మాటతో ఊరుకుంటాయా? పెద్దమ్మ కాలువ గుంటలో మెడదాకా మునిగి, "అబ్బ, ప్రాణం హాయిగా ఉంది" అనేది. దూడ పాలు తాగి, మూతినున్న నురగ నాక్కుంటూ అదే మాట. కోడి గుడ్ల మీద సర్దుకుని కూర్చుని అదే మాట. దూడ పలుపు తెంపుకుని గంతులేస్తే మాత్రం దాన్ని సంబరం అనేవారు, హాయి అనేవారు కాదు. ఆ మాటల అర్థం రేష్మికి తెలియదు. ఏ మాట ఎప్పుడొస్తుందో మాత్రం తెలిసింది.

ఒకనాటి పొద్దున్నే కోడి నాలుగు గింజలు ఏరుకుని వచ్చేసరికి గంప బోర్లా పడి ఉంది. గుడ్లు లేవు.

"నా గుడ్లు చూశావా అక్కా?" అని ఏడుస్తూ ఒంటెనడిగింది.

"చాలా సంతోషం," అంది రేష్మి, ఎంతో మర్యాదగా.

నక్కబావ నిట్టూర్చాడు. "విన్నారుగా. కడుపుకోతతో అది ఏడుస్తుంటే దీనికి సంతోషమట. తిన్నదెవరో నేను వేరే చెప్పాలా?"

పెద్దమ్మ మొహం తిప్పుకుని, ఇక నీకు ఈ పాకలో చోటు లేదని కొమ్ముతో బయటికి చూపించింది. బయట ఆకు కదలని ఎండ. ఆ కుంటికాలితో ఎక్కడికని పోతుంది? తనన్న మాట ఎవరికో గుచ్చుకుందని ఆ మొహాలు చూస్తేనే రేష్మికి అర్థమైంది. తెలిసిన నాలుగు ముక్కలూ కూడదీసుకుంది.

"పెద్దమ్మ నీళ్లలో... ప్రాణం హాయిగా. దూడ పాలు తాగి... ప్రాణం హాయిగా. కోడి గుడ్ల మీద... ప్రాణం హాయిగా." మెడ చాచి చొప్పకుప్ప వైపు చూసింది. "ఇందాక బావ అక్కడ, మూతి నాకి... ప్రాణం హాయిగా అన్నాడు. నీళ్లు లేవు. పాలు లేవు. బావకి ఏముంది?"

నక్కబావ గబగబా అందుకున్నాడు. "పొద్దుటి గాలి తగిలితే హాయిగా ఉండదా పెద్దమ్మా?"

"ఆకు కదలడం లేదు. గాలెక్కడిది నాయనా?" అంటూ పెద్దమ్మ వెళ్లి చొప్ప కుమ్మింది. కింద పెంకులు, ఇంకా తడారని సొన. ఇంకాస్త లోపల, సాయంత్రానికని దాచుకున్న రెండు గుడ్లు. పెద్దమ్మ కొమ్ములు వంచేలోపే నక్కబావ కంచె దూకాడు. తోకలో సగం వెంట్రుకలూ, ఆ ఒట్టూ ముళ్లకే వేలాడాయి.

మిగిలిన రెండు గుడ్ల మీదా కోడి మళ్లీ కూర్చుంది. రేష్మి తన నీడ దాని మీద పడేలా పక్కన మోకరిల్లింది.

"ఎలా ఉందక్కా?" అంది కోడి మెల్లగా.

పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. రేష్మి దాన్ని మింగేసింది.

"ప్రాణం... కొంచెం హాయిగా ఉంది."

ఈసారి దూడ కూడా నవ్వలేదు.

మాట నేర్పే నోటి కన్నా, మాట పుట్టే చోటు కనిపెట్టే చెవే మంచి గురువు.